స్వర తంత్రుల తొలిదశ క్యాన్సర్‌కు లేజర్ శస్త్రచికిత్స: చిత్తూరు, తిరుపతి రోగులు ఎలా సిద్ధపడాలి

గొంతు బొంగురుపోయి మూడు వారాలు దాటినా తగ్గకపోతే, ముఖ్యంగా బీడీ, సిగరెట్ తాగేవారైతే, దానిని జలుబు ఖాతాలో వేయకుండా ఈఎన్‌టీ వైద్యునికి చూపించుకోవాలి. దామలచెరువు మామిడి మండీలో వేలం పాడే మనిషి, తిరుపతి బస్టాండులో ప్రయాణికులను కేకేసి పిలిచే డ్రైవరు 'అరిచి అరిచి పోయిందిలే' అని సరిపెట్టుకోవడం సహజమే కానీ, స్వర తంత్రి మీద పుట్టే గడ్డ చిన్నదిగా ఉన్నప్పుడే స్వరాన్ని మార్చేస్తుంది. పైగా ఆ తంత్రుల్లో లసిక నాళాలు (లింఫ్ ద్రవాన్ని గ్రంథులకు చేర్చే సన్నని గొట్టాలు) చాలా తక్కువ కాబట్టి అది తొలిదశలో మెడ గ్రంథులకు పాకడం అరుదు. మూడు వారాల హెచ్చరికకు అంత విలువ అందుకే.

ఓపీలోనే ముక్కు గుండా సన్నని కెమెరా గొట్టం పంపి కొద్ది నిమిషాల్లో గొంతును చూస్తారు. అనుమానం ఉంటే మత్తు ఇచ్చి ముక్క తీసి పరీక్షకు పంపుతారు, అవసరాన్ని బట్టి సీటీ స్కాన్ చేయిస్తారు.

తొలిదశ అని తేలితే సాధారణంగా రెండు దారులుంటాయి: లేజర్, లేదా మన ఊళ్లలో 'కరెంటు పెట్టడం' అనే రేడియేషన్. వ్యాధి నయమయ్యే అవకాశం రెండింటిలోనూ దాదాపు ఒకటే. రేడియేషన్‌కు వారానికి ఐదు రోజుల చొప్పున ఐదారు వారాలు తిరగాలి కాబట్టి, కుప్పం నుంచి వచ్చేవారు బస ఖర్చునూ లెక్కలో వేసుకోవాలి. లేజర్ తరచుగా ఒక్క విడతలో ముగుస్తుంది. వ్యాధి తిరగబెడితే మళ్లీ లేజర్ చేయవచ్చు, రేడియేషన్ కూడా చేతిలో మిగిలి ఉంటుంది. అయితే గడ్డ లోతుగా ఉండి తంత్రిని ఎక్కువగా కోయాల్సివస్తే స్వరం గాలి కలిసినట్లు మారవచ్చు. రెండు తంత్రులు ముందువైపు కలిసేచోట గడ్డ ఉన్నా, మెడ వెనక్కి వంగకపోయినా, నోరు బాగా తెరుచుకోకపోయినా లేజర్ కష్టమవుతుంది. కాబట్టి 'నా గడ్డ ముందు మూల దాకా వచ్చిందా?' అని సూటిగా అడగండి.

మెడ మీద గాటు ఉండదు. పూర్తి మత్తులో నోటి గుండా లోహపు గొట్టం అమర్చి, మైక్రోస్కోపులో చూస్తూ, కంటికి కనిపించని 10.6 మైక్రోమీటర్ల కార్బన్ డయాక్సైడ్ లేజర్ కిరణంతో గడ్డను కోస్తారు. కణాల్లోని నీరు ఆ కిరణాన్ని పీల్చుకోవడం వల్ల కోత సన్నగా పడుతుంది, రక్తస్రావం తక్కువగా ఉంటుంది. ఈ పద్ధతిని 1972 ప్రాంతంలోనే అమెరికాలోని బోస్టన్‌లో స్వరపేటికకు వాడారు. అసలు భయపడాల్సింది శ్వాస గొట్టం అంటుకోవడం గురించి. అందుకే లేజర్‌ను తట్టుకునే గొట్టం వాడి, దాని చివరి బుడగలో గాలికి బదులు రంగు కలిపిన సెలైన్ నింపి, ఆక్సిజన్ శాతం తగ్గించి, రోగి కళ్లపై తడి గాజుగుడ్డ కప్పుతారు. ఈ ఏర్పాట్ల గురించి మత్తు వైద్యుని అడగడం అమర్యాద కాదు.

తిరుపతిలో స్విమ్స్, రుయా, టాటా ట్రస్టుల చేయూతతో వచ్చిన శ్రీ వేంకటేశ్వర క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నాయి, చిత్తూరు వారికి వేలూరు సీఎంసీ దగ్గర. లేజర్ సదుపాయం ప్రస్తుతం ఉందో లేదో వెళ్లేముందే కనుక్కోవాలి. ఎన్టీఆర్ వైద్య సేవ వర్తింపు గురించి ఆరోగ్యమిత్రను అడగాలి. కదిలే పళ్లు, కట్టుడు పళ్లు, రక్తం పలుచబడే మాత్రలు, షుగరు ఉంటే ముందే చెప్పాలి. లోహపు గొట్టం పళ్లకు ఆనుతుంది కనుక కదిలే పన్ను ఊడి గొంతులో పడే ప్రమాదం ఉంది. పొగ ఆ రోజే మానాలి.

ఇంటికి వచ్చాక వైద్యుడు చెప్పినన్ని రోజులు మౌనం పాటించాలి. గుసగుసలాడటం మౌనం కాదు, తంత్రులకు అదీ శ్రమే. పలకో ఫోనో దగ్గర పెట్టుకుంటే మేలు. చల్లార్చిన రాగి జావ, మజ్జిగన్నం సరిపోతాయి, ఊరగాయ కొన్నాళ్లు పక్కన పెట్టాలి. నాలుక మొద్దుబారినట్లు, రుచి తేడాగా ఉండటం చాలామందికి కొద్దిరోజుల్లో సర్దుకుంటుంది. రక్తం పడినా, ఊపిరి తీసుకునేటప్పుడు ఈల శబ్దం వచ్చినా వెంటనే 108కి ఫోన్ చేయాలి.

తీసిన ముక్క అంచుల్లో క్యాన్సర్ మిగిలిందా అన్నది పెథాలజీ నివేదికలో ఉంటుంది. మిగిలితే మరోసారి లేజర్ లేదా రేడియేషన్ సూచిస్తారు. ఆ కాగితాన్ని భద్రపరిచి, స్వరం బాగుపడినా మొదటి ఏడాది తరచుగా, తర్వాత దూరం పెంచుతూ కనీసం ఐదేళ్లపాటు కెమెరా పరీక్షలకు వెళ్లాలి.