కారుకి డ్యుయల్ ఎగ్జాస్ట్ డిజైన్ చేసుకోవడం ఎలా?

ముందు మీ ఇంజన్ ఏంటో చూసుకోండి. వీ6, వీ8 అయితే సిలిండర్లు రెండు వరసలుగా ఉంటాయి, వీటినే బ్యాంకులంటారు, కాబట్టి ఒక్కో బ్యాంకుకి ఒక్కో పొగ గొట్టం లైన్ వెనకదాకా లాగొచ్చు, అసలైన డ్యుయల్ అంటే అదే. నాలుగు సిలిండర్ల ఇన్‌లైన్ ఇంజన్‌కి మాత్రం వెనక రెండు గొట్టాలు కనబడటం తప్ప పెద్దగా ఒరిగేదేం లేదు, పైగా బరువొకటి, సరైన సైజులో ఒక్క పైపు వేసుకుంటే చాలు.

తర్వాత పైపు సైజు, ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. లావు పైపు వేస్తే పవర్ దానంతటదే వచ్చేస్తుందనుకుంటారు, కానీ మరీ లావైతే గ్యాస్ వేగం పడిపోయి కింది ఆర్‌పీఎంలో పుల్లింగ్ తగ్గుద్ది, మరీ సన్నమైతే పై ఆర్‌పీఎంలో ఇంజన్‌కి ఊపిరాడదు. బ్యాక్ ప్రెషర్ (పొగని వెనక్కి నెట్టే ఒత్తిడి) ఉండాలి అనే మాట నమ్మకండి, కావాల్సింది గ్యాస్ వేగం. ఉజ్జాయింపు లెక్క ఏంటంటే, ఒక్కో హార్స్‌పవర్‌కి 2.2 సీఎఫ్ఎం (నిమిషానికి ఘనపుటడుగులు) ఫ్లో కావాలి, తిన్నటి పైపులో చదరపు అంగుళానికి దాదాపు 115 సీఎఫ్ఎం పోద్ది. అంటే 400 హెచ్‌పీ ఇంజన్‌కి మొత్తం 880, ఒక్కో పైపుకి 440, దాన్ని 115తో భాగిస్తే 3.8 చదరపు అంగుళాలు. 2.25 అంగుళాల పైపులో గోడ మందం పోగా లోపల 3.5 మాత్రమే మిగులుద్ది, చాలదు. 2.5 అంగుళాలదైతే 4.4 వస్తుంది, సరిపోద్ది. పైపు పైకొలతతో కాదు, లోపలి కొలతతోనే లెక్కేయండి.

ఇప్పుడు బండిని స్టాండ్ల మీద గట్టిగా నిలబెట్టి కిందకి దూరి దారి చూసుకోండి. బాడీకి, సస్పెన్షన్‌కి కనీసం 25 మిల్లీమీటర్లు గ్యాప్ వదలాలి, బ్రేక్ లైన్లు, ఫ్యూయల్ లైన్ల దగ్గర ఇంకా ఎక్కువ వదిలి హీట్ షీల్డ్ పెట్టాలి. చక్రాలు పూర్తిగా పైకెళ్లినప్పుడు యాక్సిల్ తగలకుండా చూడండి. 304 స్టెయిన్‌లెస్ పైపు మీటరు పొడవుంటే, 400 డిగ్రీలు వేడెక్కేసరికి 7 మిల్లీమీటర్ల దాకా సాగుద్ది, అందుకే రబ్బర్ హ్యాంగర్లు, ఫ్లెక్స్ జాయింట్ (కాస్త వంగే, సాగే జాయింట్) పెట్టేది, అంతా బిగించేస్తే వెల్డింగ్ దగ్గరే పగులుద్ది.

రెండు లైన్లనీ మధ్యలో కలపాలా అంటే, కలపాలి. మామూలు క్రాస్‌ప్లేన్ (క్రాంక్‌షాఫ్ట్ ముందు నుంచి చూస్తే ప్లస్ గుర్తులా ఉండే) వీ8లో రెండు బ్యాంకులూ ఒకసారి ఇది, ఒకసారి అది అన్నట్టు మార్చి మార్చి ఫైర్ అవ్వవు. పాత షెవర్లే వీ8 ఫైరింగ్ ఆర్డర్ (సిలిండర్లు ఫైర్ అయ్యే వరస) 1-8-4-3-6-5-7-2 చూడండి, బేసి సిలిండర్లన్నీ ఒక పక్కే, అంటే 5, 7 వెంటవెంటనే ఒకే పైపులోకి ఊదుతాయి, ఇటు 8, 4 కూడా అంతే. ఆ ఒత్తిడిని పక్క పైపుకి పంచడానికే హెచ్ పైపు (రెండు లైన్ల మధ్య అడ్డంగా ఒక గొట్టం), ఎక్స్ పైపు (రెండు లైన్లూ ఎక్స్ ఆకారంలో కలిసేది). హెచ్‌తో గొంతు బరువుగా, పాతకాలం వీ8లా ఉంటుంది, ఎక్స్‌తో కాస్త సన్నగా, రేస్ కారులా మోగుద్ది, పై ఆర్‌పీఎంలో ఫ్లో కూడా బాగుంటుంది. చోటుంటే నేనైతే ఎక్స్‌కే ఓటేస్తా.

క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగలోని విషవాయువుల్ని తగ్గించే డబ్బా) తీసేయొద్దు, చాలా దేశాల్లో అది నేరం, మంచి హై ఫ్లోది పెట్టుకుంటే పవర్ పెద్దగా పోదు. ఆక్సిజన్ సెన్సార్‌ని పైపు అడుగున పెట్టకండి, నీళ్లు చేరి పాడవుద్ది, నేలకి సమాంతరంగా ఉండే గీత కంటే కనీసం 10 డిగ్రీలు పైకి ఉండాలి.

సైలెన్సర్ ఎంచుకునేటప్పుడు ఫుల్ థ్రాటిల్ సౌండ్ ఒక్కటే వినొద్దు, హైవే మీద ఒకే స్పీడులో పోతున్నప్పుడు వచ్చే ఆ గుయ్‌మనే మోతే అసలు నరకం. ఫోన్ యాప్‌తో దాని ఫ్రీక్వెన్సీ కొలిచి, దానికి తగ్గ పొడవుతో చివర మూసిన సైడ్ పైపు ఒకటి పెడితే చాలావరకు చచ్చిపోద్ది. 130 హెర్ట్జ్ అనుకుంటే, వేడి గ్యాస్‌లో శబ్దం వేగం సెకనుకి సుమారు 500 మీటర్లు కాబట్టి, నాలుగో వంతు వేవ్ అంటే 96 సెంటీమీటర్ల పైపు.

ఇక తయారీ. వంపులు మాండ్రెల్ బెండ్లే (లోపల కడ్డీ పెట్టి, పైపు నొక్కుకుపోకుండా వంచినవి) వాడండి, మామూలు ప్రెస్ బెండ్‌లో పైపు వంపు దగ్గర నొక్కుకుపోయి మీ సైజు లెక్కంతా వృథా. బండి మీద టాక్ (అక్కడక్కడా చుక్క వెల్డింగ్) మాత్రమే వేసి, అదీ బ్యాటరీ తీసేశాకే, కిందికి దించి పూర్తి వెల్డింగ్ చేయండి. స్టెయిన్‌లెస్‌కి లోపలి నుంచి కూడా ఆర్గాన్ పట్టించాలి. చివర గొట్టాలు బంపర్ దాటి బయటికి ఉండాలి, లేకపోతే కార్బన్ మోనాక్సైడ్ క్యాబిన్‌లోకి రావచ్చు. బిగించాక వాక్యూమ్ క్లీనర్‌ని ఊదే వైపు పెట్టి, జాయింట్ల మీద సబ్బు నీళ్లు చల్లండి, బుడగలొచ్చిన చోటల్లా లీకే, సెన్సార్‌కి ముందు లీకుంటే మిక్స్చర్ రీడింగ్ తప్పొస్తుంది కాబట్టి అది సరిచేశాకే ట్యూనింగ్‌కి తీసుకెళ్లండి.