ఇన్‌లైన్ స్కేట్లపై నిలదొక్కుకోవడం ఎలా?

ఇన్‌లైన్ స్కేట్లలో చక్రాలన్నీ ఒకే వరుసలో ఉంటాయి కనుక పాదానికి ముందు వెనుకల మంచి ఆధారం ఉంటుంది గానీ, పక్కలకు దాదాపు ఏమీ ఉండదు. ఈ లోటును శరీరమే పూరించాలి; కాబట్టి పరుగుకన్నా ముందు నిలబడటం నేర్చుకోవాలి.

విశాఖపట్నంలో దీనికి వుడా పార్కు (ఇప్పటి వీఎంఆర్‌డీఏ పార్కు)లోని స్కేటింగ్ రింకు అనువైన చోటు. బీచ్ రోడ్డు ఎంత ఊరించినా, గాలికి కొట్టుకొచ్చే ఇసుక మీద చక్రాలు జారుతాయి, బేరింగులూ పాడవుతాయి. హెల్మెట్, మణికట్టు గార్డులు, మోచేతి, మోకాలి ప్యాడ్లు ధరించి, మడమ కదలకుండా బూట్లు బిగించుకొని, మొదట గడ్డి మీద నిలబడాలి.

పాదాలను భుజాల వెడల్పున సమాంతరంగా ఉంచి, ముందుగా చీలమండలను, ఆ వెంటనే మోకాళ్లను వంచాలి. మోకాలి కింది ఎముక బూటు నాలుకను గట్టిగా తాకుతూ ఉండాలి. కిందికి చూస్తే మోకాలి వెనుక కాలివేళ్లు మరుగుపడాలి. నా దృష్టిలో మొత్తం విద్యకు ఇదే కీలకం. చాలామంది మోకాళ్లు వంచకుండా నడుమును మాత్రమే వంచుతారు. అప్పుడు పిరుదులు వెనక్కు వెళ్లి, బరువు మడమల మీద పడి, స్కేట్లు ముందుకు జారిపోయి మనిషి వెల్లకిలా పడతాడు. చేతులను కంటికి కనిపించేలా నడుము ఎత్తున ముందుకు చాచి, చూపును దూరంగా నిలిపితే ఆ ప్రమాదం చాలావరకు తగ్గుతుంది.

చీలమండలు లోపలికి ఒరుగుతున్నాయేమో ఎదుట నిలబడిన వారిని చూడమనండి. ఒరుగుతుంటే బూటు వదులై ఉండవచ్చు, లేదా సైజు పెద్దదై ఉండవచ్చు.

తరువాత రింకులో మడమలు దగ్గరగా, కాలివేళ్లు దూరంగా ఉంచి చిన్న చిన్న అడుగులు వేయాలి. ప్రతి అడుగుకూ బరువంతా ఒక కాలిపైకి మారాలి. ముక్కు, మోకాలు, కాలివేళ్లు ఒకే నిలువు గీతలోకి వచ్చాయంటే ఆ కాలు మిమ్మల్ని మోస్తున్నట్టే. తడబడే కాలికే ఎక్కువ సాధన చేయించండి.

తూలినప్పుడు వెనక్కు వాలకుండా ముందుకు వంగి, మోకాలి ప్యాడ్లపై వాలడం అలవాటు చేసుకోవాలి. ఆపై మడమ బ్రేకు, అంటే ఒక స్కేటుకు మడమ వెనుక ఉండే రబ్బరు దిమ్మె: బ్రేకున్న కాలిని ముందుకు జరిపి, వేళ్లను పైకెత్తి, మరో మోకాలిని ఇంకా వంచాలి. ఈ బ్రేకుతో పక్కలకు తూలకుండా నిదానంగా ఆగగలిగేంత వరకు, వాల్తేరు అప్‌ల్యాండ్స్ నుంచి బీచ్‌కు దిగే వాలు రోడ్ల జోలికి వెళ్లకండి.