ఎండోమెట్రియోసిస్ అనుమానం, పేగుల బాధ: నిర్ధారణ అయ్యేలోపు ఏం చేయాలి?

నెలసరి దగ్గర పడుతోందంటే కొందరికి పొత్తికడుపు నొప్పి కంటే ముందే పేగుల బాధ మొదలవుతుంది. రెండు మూడు రోజుల ముందు నుంచి మలబద్ధకం, కడుపు ఉబ్బరం. రక్తస్రావం మొదలైన రోజున వరుసగా విరేచనాలు. మలవిసర్జన సమయంలో మలద్వారం లోపల భరించలేని పోటు. గ్యాస్ మాత్రలతో తగ్గదు. జీర్ణకోశ వైద్యులు కొలనోస్కోపీ (మలద్వారం నుంచి కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) చేసి పేగు బాగానే ఉందంటారు. గైనకాలజిస్టు స్కానింగ్ చూసి అంతా నార్మల్ అంటారు. ఇద్దరూ తమ పరీక్షలో కనిపించినదే చెబుతారు, కానీ బాధ మాత్రం అలాగే ఉండిపోతుంది.

గర్భసంచి లోపలి పొరను పోలిన కణజాలం గర్భసంచి బయట పెరగడమే ఎండోమెట్రియోసిస్. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం, పిల్లలు పుట్టే వయసులో ఉన్న స్త్రీలలో దాదాపు 10 శాతం మందికి, అంటే సుమారు 19 కోట్ల మందికి ఈ సమస్య ఉంది. పేగుకు సోకినప్పుడు ఎక్కువగా పురీషనాళం మీద, దాని పైనుండే సిగ్మాయిడ్ పెద్దపేగు మీద వస్తుంది. అది పేగు బయటి గోడ నుంచి లోపలికి చొచ్చుకొస్తుంది. లోపలి పొర దాకా రావడం తక్కువ. కొలనోస్కోపీలో కనిపించేది ఆ లోపలి పొర ఒక్కటే. కాబట్టి కొలనోస్కోపీ నార్మల్‌గా వచ్చినంత మాత్రాన ఎండోమెట్రియోసిస్ లేదని కాదు. మామూలు స్కానింగ్ విషయంలోనూ అంతే.

పేగు మీద ఏమీ లేకపోయినా పేగుల బాధ ఉండవచ్చు. నెలసరి సమయంలో గర్భసంచి విడుదల చేసే ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు పక్కనే ఉన్న పేగులను కూడా బిగబట్టిస్తాయి. పరీక్షల్లో ఏ లోపమూ కనిపించకుండానే పేగులను బాధపెట్టే ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్ కూడా తోడుగా ఉండవచ్చు. మీది ఏ రకమో ఇంకా తెలియదు. అయినా తేలేదాకా చికిత్స లేకుండా భరిస్తూ కూర్చోవలసిన పని లేదు. నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఇదే.

ముందుగా: ఆగకూడని లక్షణాలు

కింది వాటిలో ఏది ఉన్నా అపాయింట్‌మెంటు తేదీ కోసం ఎదురుచూడవద్దు. కడుపు బిగుసుకుని, వాంతులవుతూ, గ్యాస్ గానీ మలం గానీ బయటికి రాకపోవడం. నెలసరి తప్పిన తరువాత ఒకవైపు తీవ్రమైన నొప్పి, కళ్లు తిరగడం. ఉన్నట్టుండి ఒక పక్కన మొదలై క్షణక్షణానికి పెరిగే నొప్పి. గంటగంటకూ ప్యాడ్ మార్చవలసినంత రక్తస్రావం. వీటికి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి, అవసరమైతే 108కి ఫోను చేయాలి.

కొన్నిటికి ఆ రోజే పరుగెత్తనక్కరలేదు గానీ ఆ వారంలోనే డాక్టరును కలవాలి. నెలసరితో సంబంధం లేకుండా మలంలో రక్తం పడటం, కారణం లేకుండా బరువు తగ్గడం, రాత్రి నిద్రలోంచి లేపే విరేచనాలు, రోజూ సాయంత్రం జ్వరం అలాంటివి. మన దేశంలో పేగుల క్షయ అరుదేమీ కాదు. జ్వరం, బరువు తగ్గడం, కుడివైపు కింద నొప్పి ఉంటే ఆ మాట మీరే ఎత్తి అడగండి.

నొప్పిని రాసి పెట్టండి

రెండు మూడు నెలసరుల పాటు ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. ఫోనులో రాసుకున్నా సరే. నెలసరి ఎన్నో రోజు, నొప్పి ఎక్కడ, 0 నుంచి 10 లోపు ఎంత, మలం తీరు ఎలా ఉంది, రక్తం పడిందా, ఏ మాత్ర వేసుకుంటే ఎంతసేపటికి తగ్గింది, ఆ రోజు ఏ పని మానుకోవలసి వచ్చింది. ఇవి చాలు. మలం తీరుకు వైద్యులు వాడే బ్రిస్టల్ పట్టిక ఉంది: 1 అంటే విడివిడిగా గట్టి ఉండలు, 4 అంటే నున్నగా మెత్తగా, 7 అంటే నీళ్లు. ఆ అంకె వేస్తే వర్ణించవలసిన ఇబ్బంది తప్పుతుంది.

నొప్పి లేని రోజులు కూడా రాయాలి. నెలసరి తేదీలతో బాధ పెరిగి తగ్గే క్రమం కనిపిస్తేనే డాక్టరుకు అనుమానం బలపడుతుంది. నెల పొడవునా ఒకేలా ఉంటే అదీ ముఖ్యమైన సమాచారమే, వేరే కారణం వైపు చూడాలని చెబుతుంది. అలాగని నెల పొడవునా నొప్పి ఉన్నవారికి ఎండోమెట్రియోసిస్ ఉండదని కాదు.

డాక్టరు గదిలో చాలామంది సిగ్గుపడి "కడుపునొప్పి, గ్యాస్" అని మాత్రమే చెప్పి వచ్చేస్తారు. అసలు ఆధారం అక్కడే జారిపోతుంది. ఈ మాటలు కాగితం మీద రాసి చూపించినా చాలు: "నెలసరి రోజుల్లో మలవిసర్జనకు వెళ్లినప్పుడు మలద్వారం లోపల నొప్పి వస్తుంది. మిగతా రోజుల్లో ఉండదు, లేదా తక్కువగా ఉంటుంది." కలయిక సమయంలో లోతుగా నొప్పి ఉంటే అదీ రాయండి. అమ్మో అత్తగారో పక్కన ఉండటం వల్ల చెప్పలేకపోతే, డాక్టరుతో కాసేపు ఒంటరిగా మాట్లాడాలని అడగవచ్చు. అది మీ హక్కు.

నెలసరి రోజుల నొప్పికి

ఐబుప్రోఫెన్, నాప్రోక్సెన్, మెఫెనమిక్ యాసిడ్ వంటి మాత్రలు ప్రోస్టాగ్లాండిన్ల తయారీని తగ్గిస్తాయి. నొప్పి ముదిరాక వేసుకుంటే అవి అంతగా పని చేయవు. నెలసరి క్రమం తప్పకుండా వచ్చేవారు ముందు రోజు నుంచే, లేకపోతే రక్తం కనిపించగానే, డాక్టరు చెప్పిన మోతాదులో, ఏదైనా తిన్న తరువాత వేసుకోవాలి. ఈ రకం మాత్రలు రెండు కలిపి వేసుకోకూడదు. కడుపులో పుండ్లు, కిడ్నీ సమస్య, ఇవి పడని ఆస్తమా ఉన్నవారికి, గర్భం ఉందన్న అనుమానం ఉన్నవారికి ఇవి తగవు. వానాకాలంలో జ్వరంతో పాటు నెలసరి వస్తే డెంగీ కాదని తేలేదాకా వీటి జోలికి పోకుండా పారాసెటమాల్‌తో సరిపెట్టుకోవడం మంచిది.

మన మందుల దుకాణాల్లో నెలసరి నొప్పి అనగానే చేతిలో పెట్టేది సాధారణంగా మెఫెనమిక్ యాసిడ్, డైసైక్లోమిన్ కలిసిన మాత్ర. డైసైక్లోమిన్ పేగుల కదలికను నెమ్మదింపజేస్తుంది. విరేచనాలతో మెలిపెట్టే నొప్పికి అది మేలే. మలబద్ధకం ఉన్నవారికి మాత్రం ఇంకా బిగుస్తుంది. ట్రమడాల్, కొడీన్ వంటివి అంతకంటే ఎక్కువ మలబద్ధకం తెస్తాయి. 2023లో మెఫెనమిక్ యాసిడ్ గురించి భారత ఫార్మకోపియా కమిషన్ హెచ్చరిక కూడా ఇచ్చింది: మాత్ర వేసుకున్నాక ఒంటి మీద దద్దుర్లు, జ్వరం, గ్రంథుల వాపు వస్తే మాత్ర ఆపి వెంటనే డాక్టరును కలవాలి.

వేడి కాపడం తేలికైనదే గానీ బాగా పని చేస్తుంది. వేడినీళ్ల సంచిని గుడ్డలో చుట్టి పావుగంట, ఇరవై నిమిషాలు పొత్తికడుపు మీదా నడుము మీదా పెట్టుకోండి. రోజంతా నేరుగా చర్మానికి ఆనించి ఉంచితే మచ్చలు పడతాయి.

మలబద్ధకం, విరేచనాలు: రెండు వైపులా

నెలసరికి ముందు మలం గట్టిపడితే ఆ తరువాతి నొప్పి రెట్టింపవుతుంది. అందుకే ఆ వారం రాక ముందే జాగ్రత్త మొదలుపెట్టాలి. ఇసబ్‌గోల్ చెంచాతో మొదలుపెట్టి, ప్రతిసారీ పెద్ద గ్లాసు నీళ్లతో తీసుకోండి. నీళ్లు తక్కువైతే అదే అడ్డుపడుతుంది. ఇతర మందులకూ దీనికీ కొంత ఎడం ఉండాలి. ఉబ్బరం ఎక్కువగా ఉన్నవారికి లాక్టులోజ్ ఇంకా ఉబ్బరం తేవచ్చు, అప్పుడు పాలీఇథిలీన్ గ్లైకాల్ పొడి గురించి డాక్టరును అడగండి. పేగు ఇరుకైందన్న అనుమానం రిపోర్టులో ఎక్కడైనా ఉంటే మాత్రం ఇసబ్‌గోల్ సొంతంగా వాడవద్దు.

ముక్కడం వద్దు. నొప్పికి భయపడి బిగబట్టడం, బిగబట్టినందుకు ఇంకా నొప్పి రావడం, దీనితో కటి కండరాలు (పొత్తికడుపు అడుగున ఉండేవి) ఎప్పుడూ బిగుసుకునే ఉండే స్థితికి వస్తాయి. కమోడ్ వాడేవారు పాదాల కింద చిన్న పీట వేసుకుని, మోకాళ్లు తుంటి కంటే ఎత్తులో ఉండేలా ముందుకు వంగి కూర్చోండి. పొట్ట నిండా గాలి పీల్చి నెమ్మదిగా వదలండి. మీ ఊళ్లో కటి కండరాలకు శిక్షణ ఇచ్చే ఫిజియోథెరపిస్టు ఉంటే నిర్ధారణ కాకముందే వెళ్లవచ్చు.

విరేచనాల రోజు ఓఆర్ఎస్, పలుచని మజ్జిగ, చారన్నం చాలు. మలంలో రక్తం, జ్వరం ఉంటే విరేచనాలు ఆపే మాత్ర వేసుకోవద్దు. రక్తహీనతకు ఐరన్ మాత్రలు వాడుతుంటే మలం నల్లగా వస్తుంది, మలబద్ధకం కూడా తోడవుతుంది. మానేయకుండా, రోజు విడిచి రోజు వేసుకోవచ్చేమో అడగండి.

తిండి విషయంలో అతిగా పోవద్దు

ఎండోమెట్రియోసిస్‌ను మాయం చేసే ఆహారం లేదు. అలా అమ్మే పొడులకు, ప్యాకేజీలకు డబ్బు పెట్టకండి. ఉబ్బరానికి మాత్రం ఆహారంలో మార్పు చాలామందికి ఉపశమనం ఇస్తుంది. ఆస్ట్రేలియాలోని మోనాష్ విశ్వవిద్యాలయం రూపొందించిన తక్కువ ఫాడ్‌మ్యాప్ పద్ధతి పేగుల్లో పులిసి గ్యాస్ చేసే చక్కెరలను కొన్ని వారాలు తగ్గించి, ఆ తరువాత ఒక్కొక్కటే తిరిగి చేర్చి, ఏది పడదో కనిపెట్టమంటుంది. మన వంటింట్లో ఆ జాబితాలో ముందుండేవి ఉల్లి, వెల్లుల్లి, శనగలు, రాజ్మా, గోధుమ, పాలు, మామిడిపండు. అన్నం తినే ఇళ్లలో ఇది గోధుమ తినే ఇళ్ల కంటే సులువు. ఉల్లి, వెల్లుల్లి మానితే రుచికి ఇంగువ ఉంది, కానీ డబ్బా మీద చూడండి, చాలా కంపెనీల ఇంగువలో గోధుమపిండి కలుస్తుంది. ఇది జీవితాంతం పాటించే పథ్యం కాదు. ఇప్పటికే బరువు తక్కువగా ఉన్నవారు డైటీషియన్ లేకుండా మొదలుపెట్టవద్దు.

గోధుమ మానే ముందు సీలియాక్ వ్యాధికి (గోధుమలోని గ్లూటెన్ పడక పేగు దెబ్బతినే జబ్బు) రక్తపరీక్ష చేయించుకోండి. మానేశాక చేయిస్తే ఫలితం తప్పుదారి పట్టవచ్చు.

ఎదురుచూసే కాలంలో ఏ పరీక్షలు, ఏ మందులు?

రక్తంలో హిమోగ్లోబిన్, ఫెర్రిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), థైరాయిడ్ చూపించుకోండి. పేగువాపు వ్యాధి అనుమానం తీర్చడానికి మలంలో కాల్‌ప్రొటెక్టిన్ పరీక్ష ఉంది. నొప్పి మాత్రల వల్ల కూడా అది పెరుగుతుంది కాబట్టి నమూనా ఎప్పుడు ఇవ్వాలో అడిగి ఇవ్వండి. సీఏ-125 అనే రక్తపరీక్షలో కాస్త ఎక్కువ వచ్చిందని క్యాన్సర్ అని బెంబేలు పడవద్దు. ఎండోమెట్రియోసిస్‌తో సహా చాలా కారణాలతో అది పెరుగుతుంది. నార్మల్‌గా ఉందని జబ్బు లేదనీ అనుకోవద్దు.

యోని ద్వారా చేసే స్కానింగ్‌ను దీనిలో అనుభవమున్నవారు చేస్తే పేగు గర్భసంచికి అతుక్కుందా, స్వేచ్ఛగా జారుతోందా అని కూడా చూస్తారు. పెళ్లికాని అమ్మాయిలకు మన దగ్గర సాధారణంగా పొట్ట మీద నుంచి మాత్రమే చేస్తారు. దానిలో ఎండోమెట్రియోసిస్ కణజాలం లోతుగా పాతుకున్న మచ్చలు కనిపించకపోవచ్చు. అలాంటప్పుడు ఎమ్మారై అడగండి. ఎండోమెట్రియోసిస్ అనుమానం ఉందని, పేగును ప్రత్యేకంగా చూడాలని చీటీ మీద రాయించుకోండి. ఏం వెతకాలో తెలిస్తే రేడియాలజిస్టు చూసే తీరు వేరుగా ఉంటుంది.

లాపరోస్కోపీ (పొట్టకు చిన్న రంధ్రం పెట్టి కెమెరాతో లోపల చూసే ఆపరేషన్) చేసి కళ్లతో చూస్తే తప్ప చికిత్స మొదలుపెట్టకూడదన్న పద్ధతి మారింది. ఐరోపా సంతాన వైద్య సంఘం ఎష్రె 2022లో ఇచ్చిన మార్గదర్శకాలు, గర్భం కోరుకోని వారికి అనుమానం మీదే హార్మోన్ చికిత్స ప్రయత్నించవచ్చని అంటున్నాయి. డైనోజెస్ట్ వంటి ప్రొజెస్టిన్ మాత్రలు, గర్భనిరోధక మాత్రలు, గర్భసంచిలో అమర్చే హార్మోన్ ఉన్న సాధనం (ఐయూడీ) వీటిలో ఉన్నాయి. వీటితో నెలసరితో పాటు పేగుల బాధ కూడా తగ్గుతుందేమో చూస్తారు. పార్శ్వపు తలనొప్పి (మైగ్రేన్), రక్తం గడ్డకట్టిన చరిత్ర, బీపీ ఉంటే ముందే చెప్పాలి. గర్భం కోసం ప్రయత్నిస్తున్నవారు మాత్రం హార్మోన్లతో కాలం గడపకుండా నేరుగా సంతాన నిపుణులను కలవడం మేలు.

గర్భసంచి తీయిద్దాం అన్నప్పుడు

ఇక్కడ నేను గట్టిగా చెప్పాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల్లో గర్భసంచి తొలగింపు ఎక్కువగా కనిపించే రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ముందు వరుసలో ఉన్నాయి. ముప్పై దాటి ఇద్దరు పిల్లలున్న స్త్రీ నొప్పి అంటే చాలు, "ఇంక దానితో పనేముంది, తీసేయించు" అనే సలహా ఇంట్లోంచే వస్తుంది. కానీ నొప్పి పేగు మీదున్న మచ్చల వల్ల అయితే, వాటిని అక్కడే వదిలి గర్భసంచి ఒక్కటే తీస్తే నొప్పి పోకపోవచ్చు. నిర్ధారణ లేకుండా ఆ సంతకం పెట్టకండి. మరో ఆసుపత్రిలో రెండో అభిప్రాయం తీసుకోండి. ఎండోమెట్రియోసిస్ ఆపరేషన్లు తరచూ చేసే గైనకాలజిస్టు అయితే ఇంకా మంచిది. పెళ్లయితే తగ్గుతుంది, పిల్లలు పుడితే తగ్గుతుంది అనే మాటలు కూడా చికిత్స కాదు. గర్భంతో ఉన్నప్పుడు కొందరికి ఉపశమనం ఉంటుంది, తరువాత తిరిగి రావచ్చు.

లాపరోస్కోపీకి తేదీ ఇస్తే, సంతకానికి ముందు ఇవి అడగండి. పేగు మీద మచ్చలు కనిపిస్తే అదే ఆపరేషన్‌లో తీస్తారా, చూసి మూసేస్తారా? తీసేటట్టయితే పేగుల సర్జన్ థియేటర్లో ఉంటారా? పేగు ముక్క తీయవలసి వచ్చే అవకాశం ఎంత, తాత్కాలికంగా పొట్ట మీద మలసంచి పెట్టవలసి రావచ్చా? అండాశయాలకు నష్టం జరగకుండా ఏం చేస్తారు? తీసిన కణజాలాన్ని బయాప్సీకి పంపుతారా? డిశ్చార్జి రోజున ఆపరేషన్ నోట్సు, లోపలి ఫొటోలు లేదా వీడియో, బయాప్సీ రిపోర్టు కాపీ అడిగి తీసుకోండి. వాటిని మీ నొప్పి పుస్తకంతో పాటు ఒకే ఫైలులో పెట్టుకోండి. తరువాత ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా మొదట అడిగేవి ఆ కాగితాలే.