ఒక్క పూటలో విశాఖ బీచ్ రోడ్డు యుద్ధ గుర్తులు చూడటం ఎలా? (కురుసుర గుండ్రటి తలుపులు దాటడంతో సహా)

మా ఇంటికి చుట్టాలెవరొచ్చినా మొదట అడిగేది బీచ్ రోడ్డులో మ్యూజియంగా మార్చిన కురుసుర సబ్‌మెరైన్ గురించే. అలా ఎన్నిసార్లు తీసుకెళ్లానో లెక్క లేదు. బడి పిల్లల్ని, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లని, చంటిపిల్లల తల్లుల్ని కూడా తీసుకెళ్లాను. వెళ్లిన ప్రతిసారీ మా ముందు ఏదో ఒక కుటుంబం హడావిడిగా వెళ్తూ ఉంటుంది. బయట ఫొటోలు, లోపల పది నిమిషాల తోపులాట, ఒకరి నుదుటి మీద బొప్పి, దిగగానే ఐస్‌క్రీం. ఎలా ఉందని అడిగితే "బాగా ఇరుగ్గా ఉందండీ" అంటారు, అంతే. 75 మంది వారాల తరబడి నీళ్ల కింద బతికిన చోటు అది. దాన్ని అలా చూసి వచ్చేస్తుంటే నాకు నిజంగా బాధేస్తుంది. సరిగ్గా చూడటానికి సగం రోజు చాలు, కాకపోతే వరస తప్పకూడదు.

రోజు, వేళ, బట్టలు

సోమవారం సబ్‌మెరైన్ మ్యూజియానికి సెలవు. ఆదివారం సాయంత్రం వెళ్లొద్దు. డిసెంబరు మొదటి వారం కూడా వద్దు. 4న నేవీ డే కాబట్టి, ఇక్కడ విన్యాసాలు పెట్టిన ఏడాది రిహార్సల్స్, వాటి జనం, ట్రాఫిక్ మళ్లింపులతో బీచ్ రోడ్డు నిండిపోతుంది. మంగళవారం నుంచి శుక్రవారం లోపు ఒక మధ్యాహ్నం పెట్టుకోండి. సెలవుల్లో వేళలు మారుతుంటాయి, ముందు రోజే కనుక్కోండి. ఒంటిగంటన్నరకి మొదలుపెడితే చీకటి పడేలోపు అన్నీ అయిపోతాయి.

జట్టులో ఎనిమిది మందికి మించి ఉండకూడదు. వెనక పట్టీ ఉన్న చెప్పులు గానీ బూట్లు గానీ వేసుకోవాలి, హవాయి చెప్పులు పనికిరావు. ఆడవాళ్లకి చుడీదార్ మేలు. చీరే కట్టుకుంటానంటే కుచ్చిళ్లు కాస్త ఎత్తి దోపుకోవాలి. వీపు మీద బ్యాగు ఉండకూడదు. మధ్యాహ్నం భోజనం తేలిగ్గా కానివ్వండి.

ముందు బాంబు దగ్గరికి

అందరూ నేరుగా సబ్‌మెరైన్‌కి పోతారు. అది తప్పు. ముందు విశాఖ మ్యూజియానికి వెళ్లాలి. అక్కడ జపాన్ వాళ్లు మన ఊరి మీద వేసిన బాంబు ఒకటి ఉంది. 1942 ఏప్రిల్ 6న బంగాళాఖాతంలోకి వచ్చిన జపాన్ విమాన వాహక నౌక మీది నుంచి లేచిన విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. ఆ దెబ్బకి ఊరు సగం ఖాళీ అయింది. బళ్లు కట్టుకుని పల్లెలకి పోయినవాళ్ల కథలు పాత విశాఖ కుటుంబాల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. పిల్లల్ని ఆ బాంబు ముందు రెండు నిమిషాలు నిలబెట్టండి. యుద్ధమంటే ఎక్కడో సరిహద్దులో జరిగేదనుకునే పిల్లలకి, అది మన వీధిలోకి కూడా వచ్చిందని అక్కడే తెలుస్తుంది.

ఆ రోజుల్లోనే ఇంగ్లీషువాళ్లు తీరం వెంట పిల్‌బాక్సులు కట్టారు. మందపాటి కాంక్రీటు గదులు, తుపాకీ గొట్టం పట్టేంత సందులు. ఇసుకలో కూరుకుపోయినవి కెరటాల కోతకి అప్పుడప్పుడు బయటపడుతుంటాయి. కనిపిస్తే ఆగి చూడండి గానీ ఎక్కొద్దు, పిల్లల్ని ఎక్కనివ్వొద్దు.

స్మారకం దగ్గర చెప్పాల్సిన అసలు సంగతి

మ్యూజియం నుంచి 'విక్టరీ ఎట్ సీ' స్మారకం నడిచే దూరమే. 1971 యుద్ధంలో నేవీ విజయానికి గుర్తుగా 1996లో కట్టారు. ఇక్కడ పెద్దవాళ్లు పిల్లలకి చెప్పే ఒక తప్పు మాటని దయచేసి ఆపండి. "ఆ పక్కనున్న కురుసురే పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీని ముంచింది" అంటారు. అది నిజం కాదు. 1971లో కురుసుర గస్తీ తిరిగింది పడమటి వైపు, అరేబియా సముద్రంలో. ఘాజీ మునిగింది ఇక్కడ, మన హార్బర్ బయట.

ఘాజీ వచ్చింది మన విమాన వాహక నౌక విక్రాంత్ కోసం. విక్రాంత్‌ని అప్పటికే అండమాన్ వైపు తరలించేశారు. అది ఇంకా విశాఖలోనే ఉందని శత్రువు నమ్మాలి. తూర్పు నౌకాదళం అధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ అందుకోసం వైర్‌లెస్‌లో దొంగ సందేశాలు పంపించారు. పెద్ద ఓడకి సరిపడా కూరగాయలు, మాంసం కావాలని ఊళ్లో కాంట్రాక్టర్లకి ఆర్డర్లు కూడా ఇప్పించారు. బజార్లో మాట ఎలా పాకుతుందో ఆయనకి తెలుసు. డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక ఘాజీ మునిగిపోయింది, అందులో ఒక్కరూ మిగల్లేదు. మన యుద్ధనౌక ఐఎన్ఎస్ రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీల (నీళ్ల లోతులో పేలే బాంబుల) వల్లేనని మన నేవీ చెబుతుంది, లోపలి పేలుడు వల్లనో మందుపాతర వల్లనో అని పాకిస్తాన్ చెబుతుంది. పిల్లలకి రెండూ చెప్పండి. అక్కడ పోయినవాళ్లూ మనుషులే, అది కూడా చెప్పండి.

గైడు దగ్గర

టికెట్లు తీసుకోవడం పెద్ద పనేం కాదు. లోపల గైడ్లుగా ఉండేది నేవీలో పనిచేసి రిటైరైనవాళ్లు. రోజంతా తోసుకుంటూ పోయే జనాన్ని చూసి చూసి వాళ్లు నాలుగు ముక్కల్లో ముగించేస్తారు, తప్పు వాళ్లది కాదు. మీరు "సార్, నమస్కారం, మేం నిదానంగా చూద్దామని వచ్చాం" అని తెలుగులోనే పలకరించి ఒక మంచి ప్రశ్న అడగండి. ఇంతమంది ఎక్కడ పడుకునేవారు అని గానీ, స్నానాలెలా అని గానీ. ఇక ఆయన మిమ్మల్ని వదలరు. ఒకరు లేస్తే ఆ పడకలోనే ఇంకొకరు పడుకోవడం, మంచినీళ్లు పొదుపు చేయడానికి స్నానం మానేయడం, అన్నీ ఆయన నోటే వినాలి. ఫోన్లో వీడియో చూసి వచ్చి "మాకన్నీ తెలుసు" అనేవాళ్లకి ఇవేవీ దొరకవు.

గుండ్రటి తలుపులు దాటడం

ఇక్కడ ఆగి చదవండి. దెబ్బలన్నీ తగిలేది ఇక్కడే.

కురుసుర పొడవు 91 మీటర్లకి పైనే. లోపల ఏడు భాగాలు, భాగానికి భాగానికి మధ్య ఉక్కు గోడ, ఆ గోడలో గుండ్రటి కంత. ఒక భాగంలోకి నీళ్లొస్తే ఆ తలుపు బిగించి మిగతావాటిని కాపాడుకోవాలి. అందుకే చిన్నగా పెట్టారు. మూలలుంటే ఒత్తిడంతా మూలల్లో చేరి అక్కడ చీలుతుంది, అందుకే గుండ్రంగా చేశారు. కింది అంచు దాటడానికి కాలు బాగా ఎత్తాలి, పై అంచు కింది నుంచి పోవడానికి నడుం బాగా వంగాలి. రెండూ ఒకేసారి చేయాల్సి రావడమే ఇందులో కష్టం.

చాలామంది కిటికీలోంచి తొంగిచూసినట్టు ముందు తల పెడతారు. తల అవతలికి పోయాక పాదం ఎక్కడుందో కనిపించదు. మోకాలి కింది ఎముక కింది అంచుకి కొట్టుకుంటుంది. ఆ నొప్పికి ఉలిక్కిపడి లేస్తారు, తల వెనక భాగం పై అంచుకి తగులుతుంది. ఒకే తలుపు దగ్గర రెండు దెబ్బలు. నేను మొదటిసారి వెళ్లినప్పుడు సరిగ్గా ఇలాగే జరిగింది. నిచ్చెన దిగినట్టు వెనక్కి తిరిగి పోవడం తేలికని ఇంకొందరు సలహా ఇస్తారు. ఎదురుగా ఏముందో చూడకుండా ఇనుప గొట్టాల మధ్యకి వీపు పెట్టి పోవడం అంతకన్నా ప్రమాదం.

సరైన పద్ధతి ఇది. మీ ముందున్నవాళ్లు పూర్తిగా అవతలికి పోయి రెండడుగులు వేసేదాకా ఆగండి. ఫోన్ జేబులో పెట్టేయండి. ఎడమ అరచేతిని పై అంచుకి ఆనించండి. చెయ్యి అక్కడుంటే తలకి తగిలేది ఉక్కు కాదు, మీ చెయ్యే. తర్వాత కుడికాలు ఎత్తి అవతల పెట్టండి. పాదం నేలకి పూర్తిగా ఆనిందని తెలిశాక బరువు దాని మీదికి మార్చండి. అప్పుడు నడుం వంచి, గడ్డం ఛాతీకి ఆనించి ఒళ్లు దాటించండి. తల చివర్న రావాలి. ఎడమకాలు ఆ తర్వాత. కాలు, నడుం, తల, రెండో కాలు: ఈ వరస పిల్లల చేత బయటే రెండుసార్లు చెప్పించండి.

దాటగానే నిటారుగా లేవకండి. అసలు బొప్పులు కట్టేది ఇక్కడే, ఎందుకంటే గండం గడిచిందనుకుంటారు. నెత్తి మీద పైపులు, వాల్వు చక్రాలు వేలాడుతుంటాయి. రెండడుగులు వంగే నడిచి, పైకి చూసి, అప్పుడు లేవండి. పట్టుకోవాల్సి వస్తే తలుపు అంచునే పట్టుకోండి. వాల్వులు, మీటలు పట్టుకుని వేలాడొద్దు. లోపలి సామాను చాలావరకు ఎలా ఉన్నది అలాగే ఉంచారు, దాని విలువే అది.

చంటిపిల్లని చంకలో పెట్టుకుని దాటడం అస్సలు కుదరదు. ఒక పెద్దవాళ్లు ముందు దాటాలి, తర్వాత పిల్లని చేతికి అందించాలి, ఆ తర్వాత రెండోవాళ్లు దాటాలి. కాస్త పెద్ద పిల్లలు మనకంటే సులువుగా దాటేస్తారు, కాకపోతే పరుగెత్తనివ్వకూడదు. ఒకసారి ఏదో టూరు బస్సు నలభై మంది పిల్లల్ని ఒకేసారి లోపలికి తోలింది. వెనకవాళ్ల తోపుకి ముందున్న పాప తలుపు అంచు మీద పడి పెదవి చిట్లింది. ఆ ఏడుపు నాకింకా గుర్తుంది. వెనక నుంచి ఎవరైనా తోస్తుంటే మీరు కదలకండి, పక్కకి ఒదిగి వాళ్లనే ముందు పోనివ్వండి.

మోకాళ్ల నొప్పులున్నవాళ్లు మెట్లెక్కకముందే ఒక పరీక్ష చేసుకోవాలి. గోడ పట్టుకుని మోకాలిని నడుం ఎత్తుకి లేపి ఐదు లెక్కపెట్టేదాకా ఉంచగలిగితే పర్వాలేదు. లేదంటే లోపలికి వద్దు. సగం దూరం పోయాక వెనక్కి రావడం కష్టం, వెనకంతా జనమే ఉంటారు. బయట నిలబడి చూసినా దాని నిడివి, ఆకారం తెలుస్తాయి, అందులో చిన్నతనం లేదు. మూసిన గదులంటే టెన్షన్ పడేవాళ్లు మొదట్లోనే గైడుకి చెప్పాలి. లోపల ఊపిరాడనట్టనిపిస్తే తలుపు దగ్గర ఆగకుండా ఆ భాగం మధ్యలోకి వచ్చి నిలబడి, నెమ్మదిగా ఊపిరి వదలడం మీదే ధ్యాస పెట్టండి. తలుపులో కూర్చుండిపోతే మీకూ ఇబ్బందే, వెనకవాళ్లకీ ఇబ్బందే.

తలుపుకి తలుపుకి మధ్య

ప్రతి భాగంలోనూ కనీసం మూడు నిమిషాలు నిలబడాలి. టార్పెడో గొట్టాలు ముందు ఆరు, వెనక నాలుగు. నీళ్లలో చప్పుళ్లు పట్టే సోనార్ దగ్గర నిలబడి, కిటికీల్లేని ఈ పడవకి చెవులే కళ్లని పిల్లలకి చెప్పండి. వంటగది చూసి మీ ఇంటి వంటగదితో పోల్చుకోండి. డీజిల్ ఇంజిన్లు మూడున్నాయి గానీ, అవి మండటానికి గాలి కావాలి. నీళ్ల కింద గాలి లేదు కాబట్టి బ్యాటరీలతో మోటార్లు తిప్పుతారు. బ్యాటరీలు అయిపోతే గాలి గొట్టం బయటికి వచ్చేంత పైకి రావాలి. శత్రువుకి దొరికేది అప్పుడే. ఈ ఒక్క ముక్క తెలిస్తే డీజిల్ సబ్‌మెరైన్ జీవితమంతా తెలిసినట్టే.

సోవియట్ యూనియన్‌లో తయారై 1969 డిసెంబరు 18న నేవీలో చేరిన కురుసుర 2001 ఫిబ్రవరి 27న రిటైరైంది. దాన్ని ఇసుక మీదికి లాక్కొచ్చి 2002 ఆగస్టులో మ్యూజియం చేశారు. సబ్‌మెరైన్లో పనిచేసేవాళ్లకి శిక్షణ ఇచ్చే ఐఎన్ఎస్ శాతవాహన కూడా మన ఊళ్లోనే ఉంది. ఈ సంగతి తెలిసి చూస్తే కురుసుర మన ఇంటి వస్తువులా కనిపిస్తుంది.

చివరికి విమానం

ఎదురుగా రోడ్డవతల టీయూ-142. సబ్‌మెరైన్ చూశాకే దీన్ని చూడాలి, ముందు చూస్తే అర్థం కాదు. సబ్‌మెరైన్లని వేటాడటానికే దీన్ని కట్టారు. రెక్కలు ఈ కొస నుంచి ఆ కొసకి 50 మీటర్లు. ఇంజిన్లు నాలుగు, ఒక్కోదానికి ఎదురెదురుగా తిరిగే రెండేసి ప్రొపెల్లర్లు. నీళ్లలో పడేసి కింది చప్పుడు వినే సోనోబాయ్‌లని చూపించమనండి. 29 ఏళ్లు పనిచేసి 2017లో రిటైరైంది. అరగంట చాలు.

ఇప్పుడు ముంత మిక్చర్ కొనుక్కుని ఇసుకలోకి దిగొచ్చు. సముద్రం వైపు తిరిగి కూర్చుంటే కుడివైపు డాల్ఫిన్స్ నోస్ కొండ, దాని మీద లైట్‌హౌస్ కనిపిస్తాయి. హార్బర్ ముఖద్వారం ఆ కొండ పక్కనే. ఘాజీ ఇప్పటికీ అటువైపే, నీళ్ల అడుగున ఉంది. పిల్లలకి వేలు పెట్టి చూపించండి.