ఉగాండా బడిలో పాఠం చెప్పాలంటే

ముందు సూది. ఎల్లో ఫీవర్ టీకా కార్డు లేనిదే ఎంటెబ్బే విమానాశ్రయంలో దిగకండి. ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందే వేయించుకోవాలి. హైదరాబాద్ వాళ్లకు నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. టూరిస్ట్ వీసా మీద పాఠాలు చెప్పకూడదు, సరైన అనుమతి సంగతి బడివాళ్లతో ముందే తేల్చుకోండి.

ఇక అసలు పని. పల్లె బళ్లలో 3వ తరగతి దాకా స్థానిక భాషే, 4 నుంచి ఇంగ్లీషుకు మళ్లుతారు. నాలాగా చిన్నపిల్లల తరగతే కావాలంటే, మసాకా పట్టణం వైపు అక్కడి భాష లుగాండాలో అంకెలైనా రావాలి: ఎము, బిరి, సతు (ఒకటి, రెండు, మూడు). నా ఉచ్చారణకు పిల్లలు పడీపడీ నవ్వేవాళ్లు. నవ్వనివ్వండి, అంకెలు వాళ్లే దిద్దిపెడతారు. లెక్కలకు సోడా మూతలు పోగేయండి. గది కిక్కిరిసి ఉంటుంది కాబట్టి పదేసి మందిని ఒక జట్టు చేసి, జట్టుకో డబ్బా మూతలివ్వండి. 7వ తరగతి జోలికి మాత్రం పోకండి. ఏడాది చివర వాళ్లకు పీఎల్‌ఈ, అంటే ప్రైమరీ చదువు ముగింపు పరీక్ష, అది అక్కడి టీచర్లకే వదిలేయాలి.