డీకమిట్ కొట్టే ముందు ఒక్కసారి డ్రై రన్

తిరుపతిలో మా టీమ్ అంతా గిట్‌లోనే (కోడ్ మార్పుల చరిత్ర దాచే టూల్) పనిచేస్తాం, కానీ క్లయింట్ రిపాజిటరీ ఇంకా అదే పని చేసే పాత టూల్ ఎస్‌వీఎన్‌లోనే ఉంది, అందుకని మధ్యలో ఈ రెంటినీ కలిపే గిట్-ఎస్‌వీఎన్ వాడతాం. మన గిట్ కమిట్లని ఎస్‌వీఎన్‌కి పంపే దాని కమాండే డీకమిట్. ఇలా రెండింటి మధ్య నలిగేవాళ్ల కోసం ఇది రాస్తున్నా.

ఎస్‌వీఎన్‌లో ఉన్న ఫీచర్ బ్రాంచ్‌ని ట్రంక్‌లోకి (మెయిన్ లైన్) మెర్జ్ చేసేటప్పుడు నో-ఎఫ్‌ఎఫ్ ఆప్షన్ (ఫాస్ట్ ఫార్వర్డ్ చేయకుండా విడిగా మెర్జ్ కమిట్ సృష్టించేది) తప్పకుండా పెట్టండి. ఎందుకంటే డీకమిట్ మీ గిట్ బ్రాంచ్ పేరు చూడదు, హిస్టరీలో మొదటి పేరెంట్ (మెర్జ్ చేసేటప్పుడు మీరున్న బ్రాంచ్) వెంట వెనక్కి వెళ్తూ ముందుగా ఏ గిట్-ఎస్‌వీఎన్-ఐడీ (ఆ కమిట్ ఏ ఎస్‌వీఎన్ బ్రాంచ్‌దో చెప్పే లైన్) కనబడితే ఆ ఎస్‌వీఎన్ బ్రాంచ్‌లోకే కమిట్లు పంపేస్తుంది. ఫాస్ట్ ఫార్వర్డ్ అయిందంటే, అంటే మెర్జ్ కమిట్ లేకుండా బ్రాంచ్ నేరుగా ముందుకు జరిగిందంటే, ట్రంక్‌కి వెళ్లాల్సిన మార్పులు ఫీచర్ బ్రాంచ్‌కి పోతాయి. ఒక శుక్రవారం నాకు సరిగ్గా ఇదే జరిగింది, సాయంత్రం రేణిగుంటలో రైలెక్కాల్సినవాణ్ణి, రాత్రి దాకా రివర్ట్‌లు చేస్తూ కూర్చున్నా, టెన్షన్ మామూలుగా లేదు.

డీకమిట్‌ని ముందు డ్రై-రన్ ఆప్షన్‌తో నడపండి, నిజంగా ఏమీ పంపకుండా ఏ యూఆర్‌ఎల్‌కి వెళ్తుందో అక్కడే చూపిస్తుంది.

ఇంకొకటి, నేరుగా ఎస్‌వీఎన్ వాడేవాళ్లు కూడా టీమ్‌లో ఉంటే డీకమిట్‌కి మెర్జ్‌ఇన్ఫో ఆప్షన్‌లో బ్రాంచ్ పాత్, రివిజన్ నంబర్లు ఇవ్వండి. అది లేకపోతే ఈ మెర్జ్ అయిందని ఎస్‌వీఎన్‌కి తెలియదు, వాళ్లు అదే బ్రాంచ్‌ని మళ్లీ మెర్జ్ చేస్తే కాన్‌ఫ్లిక్ట్‌లు వస్తాయి.