ఉప్పునీళ్లు ఎన్ని డిగ్రీల దగ్గర మరుగుతాయి? తప్పు రాకుండా కొలిచే పద్ధతి

నీళ్లలో ఉప్పు కరిగితే మరుగు స్థానం పెరుగుతుంది. అయితే లీటరు నీళ్లలో 10 గ్రాముల ఉప్పు వేసినప్పుడు పెరిగేది 0.2 డిగ్రీ కూడా ఉండదు. చాలా థర్మామీటర్లలో ఉండే తప్పే అంతకంటే ఎక్కువ. తేడా స్పష్టంగా తేలాలంటే ఉప్పు దండిగా పడాలి, కొలత నిదానంగా తీయాలి.

కావలసినవి ఇవి: 500 గ్రాముల డిస్టిల్డ్ వాటర్, లీటరు పట్టే బోరోసిలికేట్ (వేడికి పగలని గాజు) బీకరు, మూతకు ఒక గాజు పళ్లెం, 0.1 గ్రాము వరకు తూచే త్రాసు, 0.1 డిగ్రీ వరకు చూపే డిజిటల్ థర్మామీటరు, దాన్ని పట్టి ఉంచే స్టాండు, పూత లేని మట్టిపెంకు ముక్కలు కొన్ని, 90 గ్రాముల ఉప్పు. కళ్లద్దాలు తప్పనిసరి.

ముందు ఉప్పు లేకుండా ఉత్త నీళ్లనే మరిగించండి. ఈ మెట్టు దాటేసి నేరుగా 100తో పోల్చడమే అందరూ చేసే పొరపాటు. సముద్రమట్టం నుంచి సుమారు 300 మీటర్లు పైకి వెళ్తే మరుగు స్థానం ఒక డిగ్రీ తగ్గుతుంది. ఒకే ఊళ్లో కూడా గాలి పీడనం 10 మిల్లీబార్లు మారితే దాదాపు 0.3 డిగ్రీ తేడా పడుతుంది. కాబట్టి అదే రోజు, అదే థర్మామీటరుతో ఉత్త నీళ్లకు వచ్చిన అంకె మీ మొదటి గుర్తు. అది 98.4 అయితే లెక్క అక్కడి నుంచే మొదలవ్వాలి. పాత ప్రయోగశాలల్లో వాడిన బెక్‌మన్ థర్మామీటరు కూడా అసలు ఉష్ణోగ్రత చెప్పదు. ఐదారు డిగ్రీల పరిధిలో తేడాను మాత్రమే, డిగ్రీలో నూరో వంతు దాకా చూపుతుంది. ఇక్కడ కావలసింది ఆ తేడాయే.

థర్మామీటరు మొన ద్రవంలో మునిగి ఉండాలి, గాజు అడుగును తాకకూడదు. స్వేదనంలో (ద్రవాన్ని ఆవిరి చేసి, ఆ ఆవిరిని చల్లార్చి పట్టే పద్ధతిలో) ఆవిరి ఉష్ణోగ్రత చూసే అలవాటున్నవాళ్లు ఇక్కడ కూడా మొనను పైన పెడతారు. ఉప్పునీళ్ల నుంచి లేచేది ఉప్పు లేని నీటి ఆవిరి. అది మొన మీద తడిగా పేరుకుని ఉత్త నీళ్ల మరుగు స్థానాన్నే చూపిస్తుంది. ఎంత ఉప్పు వేసినా అంకె కదలడం లేదంటే ముందు ఇదే చూసుకోండి. మొన ఎంత లోతులో ఉందో కూడా గుర్తు పెట్టుకుని, ప్రతిసారీ అంతే లోతులో ఉంచండి.

పెంకు ముక్కలు నీళ్లు చల్లగా ఉన్నప్పుడే వేయాలి. వాటి సన్న రంధ్రాల్లోని గాలి నుంచి బుడగలు తేలిగ్గా పుడతాయి. అవి లేకపోతే నీళ్లు మరుగు స్థానం దాటి వేడెక్కి, ఉన్నట్టుండి ఎగదన్ని చిమ్ముతాయి. అంకె కూడా నిలకడగా ఉండదు. ఒకసారి చల్లారిన ముక్కల రంధ్రాల్లో నీళ్లు నిండిపోతాయి కాబట్టి ప్రతి విడతకూ కొత్తవి వేయండి.

ఇప్పుడు ఉప్పు. ఒక్కో విడతకు 29.2 గ్రాములు. 500 గ్రాముల నీళ్లలో అంత వేస్తే ద్రావణం మొలాలిటీ (కిలో నీళ్లలో ఎన్ని మోల్‌ల పదార్థం కరిగిందో చెప్పే అంకె; ఉప్పుకు ఒక మోల్ అంటే 58.4 గ్రాములు) 1 అవుతుంది. మరిగే నీళ్లలో మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ ఉప్పు వేయకండి. ప్రతి రేణువు చుట్టూ బుడగలు ఒక్కసారిగా లేచి, నురుగు బీకరు అంచు దాటి చేతి మీదికి పొంగుతుంది. సెగ ఆపి, చల్లారనిచ్చి, వేసి, పూర్తిగా కరిగేదాకా కలిపి, ఆ తర్వాతే మళ్లీ వేడి చేయండి. బాగా మరుగుతూ అంకె ఒక నిమిషం పాటు కదలకుండా ఉంటే రాసుకోండి.

మరిగినంతసేపూ నీళ్లు పోతూనే ఉంటాయి, ఉప్పు మిగులుతుంది. 500లో 40 గ్రాములు ఆవిరైతే మొలాలిటీ 1 కాస్తా 1.09 అవుతుంది. అందుకే ఉప్పు కలిపాక బీకరును తూచి పెట్టుకోండి. అంకె రాసుకున్న వెంటనే పళ్లెం మూసి, చల్లారాక పళ్లెం తీసి మళ్లీ తూచండి. ఎంత తగ్గిందో అంత నీరు పోసి, తర్వాతి విడత ఉప్పు వేయండి.

లెక్క ఇలా వేస్తారు: పెరుగుదల = కణాల సంఖ్య × 0.512 × మొలాలిటీ. ఇందులో 0.512 నీళ్లకు ఉన్న స్థిరాంకం. ఉప్పు సోడియం, క్లోరైడ్ అయాన్లుగా విడిపోతుంది కాబట్టి కణాలు 2. మూడు విడతలకూ వరసగా 1.0, 2.0, 3.1 డిగ్రీలు రావాలి. ఒకటి రెండు పదో వంతులు అటూఇటూ అయితే కొలత బాగున్నట్టే. గాఢత ఇంకా పెరిగితే సూత్రం పట్టు తప్పుతుంది. ఉప్పు ఇక కరగని స్థితిలో సూత్రం 7 డిగ్రీల పెరుగుదలే అంటుంది, అసలు ద్రావణం సాధారణ పీడనం దగ్గర 108.7 డిగ్రీలకు మరుగుతుంది. అంత చిక్కటి ద్రావణంలో అయాన్లు చాలా నీటి అణువులను తమ చుట్టూ పట్టి ఉంచడం దీనికి ఒక కారణం.

పంచదారతో చేస్తే కణాలు విడిపోవు. 500 గ్రాముల నీళ్లలో 171 గ్రాములు వేసినా అర డిగ్రీకి కాస్త పైన మాత్రమే పెరుగుతుంది. ఆల్కహాల్ లాంటి, తానే ఆవిరయ్యే పదార్థం కలిపితే మరుగు స్థానం పెరగకపోగా తగ్గుతుంది. దాన్ని మంట మీద అసలు పెట్టకూడదు.

ఇదే పద్ధతిని తిప్పి వాడితే ఉష్ణోగ్రతను చూసి పాకం చిక్కదనం చెప్పవచ్చు. పంచదార పాకం 110 డిగ్రీల దగ్గర మరుగుతుంటే అందులో సుమారు 80 శాతం పంచదార ఉన్నట్టు. ఉత్త నీళ్లు 97 దగ్గరే మరిగే చోట అదే పాకాన్ని 107 దగ్గర దించేయాలి.